శివమ్మ నెత్తుర్లో కనబడింది

శివమ్మ మా ఆసుపత్రికి రెండోసారి వచ్చింది 1958 ఫిబ్రవరి నెలాఖరున. అంతకు రెండేళ్ల ముందు ఆమె ఎడమ రొమ్ములో రాచపుండు ఉందని డాక్టరు యోహానుగారు ఆపరేషను చేసి రొమ్ము తీసేశారు. గాయం చక్కగా మానింది. ఇప్పుడు మెడ పక్కన, గూడ ఎముకకు పైన, రేగిపండంత గడ్డ తేలింది. డాక్టరుగారు దాన్ని వేళ్లతో తడిమి, చేతులు కడుక్కుని, ఆమె భర్తతో "కొంచెం వాపుంది, చూద్దాం" అన్నారు. ఆ తర్వాత నా గదికి వచ్చి తలుపు దగ్గరే నిలబడ్డారు.

నంద్యాల ఊరి చివర మిషనువాళ్లు నడిపే చిన్న ఆసుపత్రి మాది. రక్తం, మూత్రం, కళ్లె పరీక్ష చేసే గది ఒకటే, అందులో మనిషిని నేనొక్కదాన్నే. నా పేరు కృపావతి. అప్పటికి ఇరవై తొమ్మిదేళ్లు. వేలూరులో ఏడాదిపాటు పని నేర్చుకుని వచ్చాను. పరీక్షగది వెనక ఇంకో గదిలో నేనూ మా నాయన ఓబయ్యా ఉండేవాళ్లం. నాయన కిందటి క్రిస్మసుకు ముందు పోయాడు. ఆయన మంచం ఇంకా గోడవారన అట్లాగే ఉంది. దాని మీద ఉతికిన బట్టలు పెట్టుకునేదాన్ని. ఆదివారం గుడి అయ్యాక మళ్లీ సోమవారం పొద్దున దాకా నాతో మాట్లాడే మనిషి ఉండేది కాదు.

డాక్టరుగారి చేతిలో ఓడ మీద వచ్చిన వైద్యపత్రిక ఉంది. నాలుగు నెలల పాతది.

"కృపా, రాచపుండు ఉన్నచోట ఉండకుండా ఇంకోచోట ఎట్లా మొలుస్తుందో కొందరు వెతుకుతున్నారు. పుండులోంచి కణాలు ఊడి రక్తంలో కొట్టుకుపోతాయట. వాటిని రక్తంలోంచి వేరు చేసి చూశామని రాశారు. మనమూ చూద్దామా?"

"మన దగ్గర ఏముందండీ" అన్నాను.

"మైక్రోస్కోపు ఉంది. చేత్తో తిప్పే యంత్రం ఉంది. నువ్వున్నావు."

నన్ను కూడా ఒక సాధనంగా లెక్క వేసి అట్లా అడిగినవాళ్లు అంతకు ముందు ఎవరూ లేరు. సరేనన్నాను.

ఆయనకు దీంట్లో ఒక అవసరం కూడా ఉంది. రోగం శివమ్మ మెడ దగ్గరే ఆగి ఉంటే మద్రాసు పంపి రేడియం పెట్టించవచ్చు. కొంతకాలం నిలబడుతుంది. ఒంటి నిండా పాకి ఉంటే అంత దూరం తీసుకుపోయి, మెడ కాల్పించి, ఆమెను కష్టపెట్టడం దండగ. ఏ సంగతీ తేల్చుకోలేక ఆయన ఆ పత్రిక పట్టుకుని నా దగ్గరికి వచ్చారు.

ఆ ఎండాకాలం అట్లా మొదలైంది. శనివారం శనివారం ఆళ్లగడ్డ నుంచి పొద్దున బస్సులో శివమ్మా, ఆమె భర్త చెన్నకేశవులూ దిగేవాళ్లు. నేను ఆమె మోచేతి మడతలోంచి సూదితో రక్తం తీసేదాన్ని. అది గడ్డ కట్టకుండా మందు కలిపి, గాజుగొట్టంలో పోసి, వాలుగా నిలబెట్టేదాన్ని. గంటసేపు కదపకుండా వదిలేస్తే ఎర్రకణాలు బరువుకు అడుక్కు దిగుతాయి. పైన పసుప్పచ్చని నీరు తేరుతుంది. తెల్లకణాలు అందులోనే ఉంటాయి. రాచపుండు కణం ఉంటే అదీ అందులోనే ఉండాలి. ఆ నీటిని తీసి, బల్లకు బిగించిన యంత్రంలో పెట్టి, పిడి పట్టుకుని పది నిమిషాలు ఒకే వేగంతో తిప్పాలి. భుజం లాగేస్తుంది. గొట్టం అడుగున చేరిన చుక్కను గాజుపలకల మీద పలచగా పరిచి, ఆరబెట్టి, రంగు పోసి, కడగాలి. ఒకసారి తీసిన రక్తం ఎనిమిది పలకలయ్యేది. ఒక్కో పలకను ఈ అంచు నుంచి ఆ అంచుకు, పొలం దున్నినట్టు చాలు వెంట చాలు చూసుకుంటూ పోతే రెండు గంటలు పట్టేది. రోజువారీ పరీక్షలయ్యాక, కిటికీలోంచి వెలుతురు వచ్చినంతసేపూ అదే పని. కంటికి నీరు కారితే కాసేపు బయట వేపచెట్టు వైపు చూసి మళ్లీ తల వంచేదాన్ని.

రక్తం తీశాక కాసేపు పడుకోమని డాక్టరుగారు శివమ్మకు చెప్పారు. ఆమె పడుకోలేదు. నా గదిలో ముక్కాలిపీట లాక్కుని కూర్చుంది. చెన్నకేశవులు బయట చెట్టు కింద తువ్వాలు పరుచుకుని తమలపాకులు నములుతూ ఉండేవాడు. లోపలికి ఎప్పుడూ రాలేదు.

"ఇంత నెత్తురు దీస్కుని ఏం జేస్తావ్, కృపమ్మా?" అని మొదటి శనివారమే అడిగింది శివమ్మ.

"ఎతుకుతానక్కా."

"ఏం ఎతుకుతావ్?"

"ఉండకూడనిది ఏమన్నా ఉందేమోనని."

"మా అత్త గూడా అంతే. బియ్యంలో రాళ్లు ఏరినట్ల నాలో ఏరతాంటాది" అంది. అని నవ్వలేదు. గొట్టంలో ఎరుపు కిందికి దిగడం చూస్తూ కూర్చుంది.

ఆమెకు ముప్పై ఆరేళ్లు ఉంటాయి. బక్కమనిషి. ఆళ్లగడ్డలో నలభై ఎకరాల నల్లరేగడి ఉన్న ఇల్లు. పుట్టినవాళ్లలో బతికింది ఒక్కతే కూతురు, సరోజ, పద్నాలుగేళ్లది. పిల్ల పెద్దమనిషైన రోజు నుంచి నాయనమ్మ నరసమ్మ బడి మాన్పించింది. వైశాఖంలో పెళ్లి. కోయిలకుంట్లలో ఉన్న మేనత్త కొడుక్కు ఇస్తున్నారు.

"పిల్లోడు మంచోడేనా?" అని అడిగాను ఒక శనివారం.

"మంచోడే. చెడ్డోడైతే నాకు పని సులువయ్యేది. వద్దని చెప్పేదానికి ఒగ మాటుండేది." చీర కొంగుతో మెడ మీది గడ్డను కప్పుకుంది. "ఆ పిల్ల పొట్లం కట్టిన కాయితం గూడా చదివి గానీ పారెయ్యదు. మొన్న వాళ్లమ్మాయిని అడిగినా, ఏం రాసిందే దాంట్లో అని. సగమే ఉంది మా, మిగతా సగం అంగట్లో ఉంటాదేమో అనింది. ఆ సగం కోసం పోదామంటాది."

"వాళ్లమ్మాయి" అన్నది తన కూతురినే. ఇంట్లో తనకు హక్కు లేనిదాన్ని ఆమె అట్లా "వాళ్లది" అనేది. వాళ్ల ఇల్లు, వాళ్ల చేను, వాళ్లమ్మాయి. నా గదిలో ఉన్న గంటసేపే ఆమె "నా" అనేది. నా నెత్తురు, నా మెడ.

ఆ గంట కోసం నేను వారమంతా ఎదురుచూసేదాన్ని. ఈ సంగతి ఆమెకు చెప్పలేదు. ఎవరికీ చెప్పలేదు.

నాలుగో వారం రక్తంలో కనబడింది.

సోమవారం పొద్దున పది గంటలకు, అయిదో పలక మీద. చుట్టూ ఉన్న తెల్లకణాలకు మూడు నాలుగింతలుంది. నడుమ కేంద్రం పెద్దగా, ముదురు ఊదారంగుతో, ముద్దలు ముద్దలుగా ఉంది. నా చేయి మైక్రోస్కోపు మర మీది నుంచి జారిపోయి, అది అద్దంలోంచి తప్పిపోయింది. మళ్లీ పట్టుకోవడానికి చెమటలు పట్టాయి. పరుగున పోయి డాక్టరుగారిని పిలిచాను. ఆయన వార్డులో రోగిని చూస్తున్నవారు చూస్తున్నట్టే వచ్చారు. చాలాసేపు చూశారు. రెండేళ్ల నాడు శివమ్మ రొమ్ము గడ్డలోంచి చేసిన పలకను బీరువాలోంచి తీయించి, దాన్నీ దీన్నీ మార్చి మార్చి చూశారు.

"అదే" అన్నారు. "కృపా, అదే."

తర్వాత రెండు వారాల్లో మొత్తం ఏడు దొరికాయి. డాక్టరుగారు వాటి బొమ్మలు గీశారు. ఇంకో ఇద్దరు రోగుల రక్తం కూడా చూద్దామన్నారు, పత్రికకు రాద్దామన్నారు, వ్యాసంలో నా పేరు కూడా ఉంటుందన్నారు. "శివమ్మకు గానీ ఆమె భర్తకు గానీ ఇప్పుడేమీ చెప్పొద్దు. మద్రాసుకు రాసి అడుగుతాను. చెప్పాల్సినప్పుడు నేను చెబుతా" అన్నారు.

మొదటి కణం దొరికిన సాయంత్రం నేను సంతోషపడ్డాను. ఒక మనిషి ఒంట్లో చావు కనబడితే సంతోషపడ్డానని చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది గానీ అది నిజం. జొన్నరొట్టె కాల్చుకుని, ఊరిమిండి పచ్చడి వేసుకుని తింటూ, నాయనకు చెప్పాలనుకున్నాను. తల తిప్పి చూస్తే మంచం మీద బట్టలే ఉన్నాయి.

ఆ తర్వాతి శనివారాలు శివమ్మ వచ్చినప్పుడు నేను మాటలు తగ్గించుకున్నాను. మూడో శనివారం ఆమె పీట మీద కూర్చుని, "కృపమ్మా, సూది గుచ్చేటప్పుడు గూడా నా మొగం జూడవు ఈ మధ్య" అంది.

"పనిలో ఉన్నా గదక్కా."

"కనబడిందా?"

నేను గొట్టాన్ని వాలుగా పెడుతున్నాను. గొట్టం కదిలితే రక్తం కలిసిపోతుంది. మెల్లగా పెట్టి, చేతులు తుడుచుకున్నాను. డాక్టరుగారి మాట గుర్తుంది.

"నాకెందుకు గావాల్నో చెప్తా విను" అంది శివమ్మ. "నొప్పంటే మా ఇంట్లో ఎవురూ వినరు. ఆడదానికి నొప్పి ఎప్పుడు లేదంటాది అత్త. ఊరికే నొప్పి గల్లదాని మాటకు ఇలవ లేదు. పొయ్యేదాని మాటకుంటాది. నేను పొయ్యేదాన్నయితే ఒగ మాట అడిగి పోతా. కానిదాన్నయితే నోరు మూసుకుని పెండ్లిలో కూచుంటా. ఏదో ఒగటి తెలియల్ల నాకు. పెండ్లికి నెల గూడా లేదు."

"డాక్టరుగారు చెప్తారక్కా."

"ఆయప్ప మా ఆయనకు చెప్తాడు. మా ఆయన వాళ్లమ్మకు చెప్తాడు. నాకు చెప్పేదెవురు?"

బయట చెన్నకేశవులు ఉమ్మేసిన చప్పుడు వినిపించింది. నేను ఆమె ముఖం చూశాను.

"కనబడిందక్కా. మెడ కాడనే కాదు, నెత్తుర్లో గూడా ఉంది."

"మద్రాసుకు పోతే?"

"మెడలోది కరగొచ్చు. నెత్తుర్లోది పోదు."

"ఎన్నాళ్లు?"

"నాకు తెలీదు. ఇట్ల ఉన్నోళ్లు ఏడాది దాటేది తక్కువని రాసినారు."

ఆమె కొంతసేపు గొట్టం వైపే చూసింది. మంచినీళ్లు అడిగింది. నా లోటాతోనే ఇచ్చాను. ఎత్తి పోసుకోకుండా కరుచుకుని తాగి, కింద పెట్టింది. "సర్లే" అంది. జుట్టు విప్పి, మళ్లీ గట్టిగా ముడి వేసుకుని లేచింది. గుమ్మం దగ్గర ఆగి, "అడిగితే చెప్పినావు" అని వెళ్లిపోయింది.

మరుసటి శనివారం ఆమె రాలేదు. చెన్నకేశవులు ఒక్కడే వచ్చాడు. డాక్టరుగారు నన్ను పిలిపించారు. వెళ్లేసరికి చెన్నకేశవులు కుర్చీలో కూర్చోకుండా గోడకు ఆనుకుని నిలబడి ఉన్నాడు. ఎత్తరి. తువ్వాలు రెండు చేతుల్తో పిండుతున్నాడు.

"మద్రాసుకు రాదంట" అన్నాడు డాక్టరుగారితో. "నెత్తురంతా రోగముంటే మెడ కాల్పించుకుంటే ఏం లాభమంటాది. వాళ్లన్నదమ్ముల్ని పిలిపించింది. పెద్దమనుషుల్ని కూచోబెట్టింది. వైశాఖంలో పెండ్లి వద్దు, పాప నంద్యాలలో హాస్టల్లో ఉండి పెద్ద పరీక్ష దాంక చదవల్ల, నా కడాకరు మాట ఇది అనింది. మా అమ్మ ఒగటే ఏడుపు." నా వైపు తిరిగాడు. "నువ్వే చెప్పినావంట. నిజమేనా?"

"నిజమేనన్నా" అన్నాను.

"నీ కండ్లతో జూసినావా?"

"చూసినా."

అతను తల ఊపాడు. "మాటిచ్చినా. లగ్నం నిలిపేసినాం" అని చెప్పి, తువ్వాలు భుజాన వేసుకుని వెళ్లాడు.

డాక్టరుగారు గట్టిగా మాట్లాడే మనిషి కాదు. "నేను వద్దన్నాను కదా" అన్నారు. "మద్రాసువాళ్లు తీసుకురమ్మని జాబు రాశారు. నిన్ననే వచ్చింది" అని, బల్ల మీది ఉత్తరాన్ని నా వైపు తోశారు. ఆ తర్వాత రెండు వారాలు ఆయన నాతో పని మాట తప్ప వేరే మాట మాట్లాడలేదు. ఆసుపత్రిలో ఇంకెవరూ నాతో ఊరికే మాట్లాడేవాళ్లు కారు కాబట్టి ఆ రెండు వారాలూ నా గొంతు నాకే వినబడలేదు.

మే నెల వచ్చింది. కుందూ ఏట్లో నీళ్లు సన్నబడ్డాయి. పొద్దున ఎనిమిదికే వడగాలి. వ్యాసానికి ఇంకో పని మిగిలింది. రోగం లేనివాళ్ల రక్తం కూడా అట్లాగే చేసి చూసి, అందులో ఆ కణాలు లేవని రాయాలి. ఎవరి రక్తం తీసుకోవాలని అడగడానికి కూడా నాకు మొహం చెల్లలేదు. నా ఎడమ చేతికి రబ్బరు గొట్టం పళ్లతో బిగించి కట్టుకుని, నా రక్తం నేనే తీసుకున్నాను.

రెండో పలక మీద కనబడింది.

అంతే పెద్దది. అదే ముదురు ఊదా. అవే ముద్దలు. నా పలకల మీద నా పేరే ఉంది. అయినా పొరపాటున శివమ్మ పలక పెట్టానేమోనని మూడుసార్లు తీసి చూశాను. ఆ సాయంత్రం గది తలుపు వేసుకుని, రవిక విప్పి, రొమ్ములూ చంకలూ మెడా వేళ్లతో తడుముకున్నాను. ఏదీ తగల్లేదు. రక్తంలో ఉంటే తగిలేదేముంది అనుకున్నాను. నేను పోతే నాయన మంచం మీది బట్టలు ఎవరు తీస్తారని ఒక పిచ్చి ఆలోచన వచ్చింది. మూడు రోజులు ఎవరికీ చెప్పలేదు. చెప్పడానికి ఎవరున్నారని కాదు. చెబితే రెండిట్లో ఒకటి నిజమవుతుంది. నాకు రాచపుండు ఉండాలి, లేదా నేను శివమ్మకు చెప్పింది తప్పయి ఉండాలి. ఆ మూడు రోజుల్లో ఎక్కువసేపు మొదటిదే నిజం కావాలని కోరుకున్నాను.

నాలుగో రోజు ఆ పలక తీసుకెళ్లి డాక్టరుగారి బల్ల మీద పెట్టాను. "ఇది నాదండీ" అన్నాను.

ఆయన నా గదికి వచ్చి చూశారు. బీరువా పైనున్న లావు పుస్తకం దింపి, ఒక పుట తెరిచి, వేలు పెట్టి నాకు చూపించారు. ఎముకల మూలుగలో ఉండే ఒక రకం పెద్ద కణం బొమ్మ. మూలుగలో ఉండాల్సిందే గానీ ఎప్పుడన్నా ఒకటి దారి తప్పి రక్తంలోకి వస్తుందట. ఎవరి రక్తంలోకైనా.

"నీకేమీ లేదు" అన్నారు.

ఆ మధ్యాహ్నమంతా కూర్చుని శివమ్మ పలకలు మళ్లీ చూశాం. ఏడింటిలో అయిదు అవే. మిగతా రెండూ ఏమిటో ఆయన చెప్పలేకపోయారు. గీసిన బొమ్మలన్నీ ఒక కవరులో పెట్టి, దాని మీద తేదీ వేశారు.

"ఆమెను మద్రాసు పంపాలి. ఇంకా సమయం ఉందేమో" అన్నాను. "నేను పోయి చెప్తానండీ."

"ఏమని చెబుతావు?"

"నేను తప్పు చూశానని."

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "నేనూ చూశాను కృపా. అదే అన్నది నేనే. అది కూడా చెప్పు" అన్నారు. అన్నాళ్లకు ఆయన గొంతులో పాత మెత్తదనం వినబడింది.

ఆళ్లగడ్డలో బస్సు దిగేసరికి తొమ్మిదిన్నర. తూర్పున నల్లమల కొండలు ఎండకు బూడిద రంగుగా ఉన్నాయి. బస్సులోని సగం మంది అహోబిలం పోయేవాళ్లు, బండ్ల కోసం అరుస్తున్నారు. అడుక్కుంటూ పోతే ఊరి చివర రాతికట్టు ఇల్లు చూపించారు. చెన్నకేశవులు చేనికి పోయాడు. పంచలో నరసమ్మ కూర్చుని శనగలు చెరుగుతోంది. నేనెవరో చెప్పాను.

"నువ్వేనా నెత్తురు జూసే దానివి" అంది. "ఎవురి పిల్లవు?"

"మా నాయన ఓబయ్య. మిషను బళ్లో అయ్యవారు."

ఆమెకు అర్థమైంది. చేట కొంచెం పక్కకు జరుపుకుంది. "ఆడ కూచో" అని మెట్టు చూపించింది. కాసేపటికి చెంబుతో నీళ్లు తెచ్చి, నేను దోసిలి పడితే పైనుంచి పోసింది. ఆ ఎండలో వచ్చాను, తాగాను.

లోపల నుంచి సరోజ గుమ్మంలోకి వచ్చి నిలబడింది. తల్లి కళ్లే. వెనక నుంచి శివమ్మ గొంతు, "ఎవురే?" అని. పిల్ల చెప్పింది. తర్వాత చాలాసేపు ఏదో ఈడ్చిన చప్పుడు. శివమ్మ గోడ పట్టుకుని, ఒక్కో అడుగూ వేసుకుంటూ బయటికి వచ్చింది. నెల రోజుల్లో సగమైంది. అత్త "లోపలే ఉండరాదా" అంటున్నా వినకుండా వచ్చి, మెట్టు మీద నా పక్కన, భుజానికి భుజం తగిలేట్టు కూర్చుంది. కూర్చునేటప్పుడు పెదవి కరుచుకుంది. నరసమ్మ చేట తీసుకుని లోపలికి పోయింది. శివమ్మ కూతుర్ని కూడా పొమ్మంది.

నేను చెప్పాను. నా నెత్తుర్లో కనబడినదీ, పుస్తకంలో బొమ్మా, ఏడింటిలో అయిదూ, అన్నీ చెప్పాను. "నేను తప్పు చూసినక్కా. మద్రాసుకు పోదాం. డాక్టరుగారు జాబు రాస్తారు. నేను తోడొస్తా."

ఆమె వింటూ కూర్చుంది. అయ్యాక నా చేయి పట్టుకుని, తన నడుము వెనక్కు తీసుకుపోయి, వెన్నుపూస మీద పెట్టింది. "ఒత్తు" అంది. కొంచెం ఒత్తాను. ఆమె ఒళ్లంతా బిగుసుకుంది. ఇంకాస్త కిందికి జరిపింది. అక్కడా అంతే. తర్వాత తొడ ఎముక.

"సంక్రాంతి ముందర్నుంచి ఇట్లనే ఉంది" అంది. "మీ డాక్టరుకు గూడా చెప్పలేదు. చెప్తే అడ్డం పండబెడ్తారు, ఇంట్లో పని ఎవురు జేస్తారు. నీ అద్దం తప్పు జెప్పిందేమో గానీ నువ్వు చెప్పింది తప్పు గాదు కృపమ్మా."

నేను మెల్లగా చేయి తీయబోయాను.

"నాకు ముందే తెల్సు. నోరు దెర్సి చెప్పేవాళ్లే గావాల్సుండె." ఆయాసం తీర్చుకుంది. "మా ఆయన నెత్తుర్లో కనబడిందంటే నమ్మినాడు. ఇంతకు ముందు నొప్పి అని నేను ఎన్నితూర్లు చెప్పినా నమ్మలా. యంత్రంలో కనబడిందంటే మనిషి కూలబడినాడు. అందుకే మాటిచ్చినాడు." నా చేయి ఇంకా వదల్లేదు. "నువ్వు తప్పు చూసినావని ఆయనకు చెప్పొద్దు. చెప్తే మళ్లీ లగ్నం పెడ్తారు. జ్యేష్ఠంలో గూడా ముహూర్తాలుండాయంట."

"అబద్ధమైతాది గదక్కా."

"నేను పోతే అబద్ధం యాడుంటాది" అంది.

"చెప్పనులే అక్కా" అన్నాను. ఎండ మెట్టు మీదికి వచ్చింది. ఇద్దరం లేవలేదు. మధ్యాహ్నం బస్సుకు నేను వచ్చేటప్పుడు సరోజ వీధి మలుపు దాకా వచ్చింది. హాస్టల్లో పుస్తకాలు పెట్టుకునేదానికి చోటుంటాదా అని ఒకటే అడిగింది. ఉంటుందని చెప్పాను.

నేను మళ్లీ ఆళ్లగడ్డ పోలేదు. ఆమె వెన్ను సంగతి విన్నాక డాక్టరుగారు మద్రాసు మాట ఎత్తలేదు, నొప్పికి మందులు కట్టి బస్సు డ్రైవరు చేత వారం వారం పంపించేవారు. జూనులో చెన్నకేశవులు కూతుర్ని తీసుకొచ్చి హాస్టల్లో చేర్చాడు. జూలై మొదటి వారంలో, మొదటి వాన పడిన మర్నాడు, పొద్దున ఆళ్లగడ్డ నుంచి మనిషి వచ్చాడు. హాస్టలుకు పోయి ఆ పిల్లకు చెప్పి, బట్టలు మూట కట్టి, బస్సు ఎక్కించింది నేనే. బస్సు కదిలేదాకా ఆ పిల్ల ఏడవలేదు. నేనూ ఏడవలేదు. గదికి వచ్చాక శనివారం అని గుర్తొచ్చింది.

ఇరవై రోజులకు చెన్నకేశవులు సరోజను మళ్లీ హాస్టల్లో దించి మా ఆసుపత్రికి వచ్చాడు. గడ్డం పెరిగి ఉంది. డాక్టరుగారి దగ్గరికి పోకుండా సూటిగా నా గది గుమ్మం దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. అన్ని శనివారాల్లో ఆ గుమ్మం దాకా అతను రావడం అదే మొదలు.

"ఆమె నెత్తురు ఏమన్నా మిగిలుందా?" అని అడిగాడు.

"నెత్తురు లేదన్నా. గాజుపలకలున్నాయి. రంగేసినవి."

"జూడొచ్చునా?"

చెప్పులు విడిచి లోపలికి వచ్చాడు. శివమ్మ కూర్చునే పీట చూపిస్తే దాని మీద కూర్చున్నాడు. పెట్టె తెరిచాను. అయిదో పలక మీద పెద్ద కణం ఎక్కడుందో నాకు కళ్లు మూసుకున్నా తెలుసు. దాన్ని తీయలేదు. మొదటి శనివారం తీసిన పలక ఒకటి పెట్టి, వెలుతురు సరిచేసి, ఒక కన్ను మూసి ఎట్లా చూడాలో చెప్పాను. వంగడానికి ఆ పెద్ద మనిషికి కష్టమైంది. మొదట ఏమీ కనబడలేదన్నాడు. మర మెల్లగా తిప్పాను. ఒక్కసారిగా ఊపిరి ఆపాడు.

"శానా ఉండాయి" అన్నాడు.

"ఉంటాయన్నా."

"గుండ్రంగా ఉండాయి. ఎర్రంగా. నడమ నడమ నీలంవి."

"ఆ."

చాలాసేపు చూశాడు. తల ఎత్తకుండానే అడిగాడు. "వీటిల్లో రోగమేది?"

నేను ఆళ్లగడ్డ మెట్టు మీద మాట ఇచ్చాను. అబద్ధం చెప్పడం కూడా నాకు చేతకాదు.

"అన్నీ అక్కవే, అన్నా" అన్నాను.

అతను తల ఊపాడు. కన్ను తీయలేదు. బస్సుకు టైమైందని నేను చెప్పలేదు.